ఇందుమతి చేతికీ ఒక పాచిక ఇవ్వండి

వేసవి సెలవులకి మా ఆడపడుచు కొడుకులిద్దరూ శ్రీకాకుళం వచ్చారు. మా పెద్దాడు విశాఖ హాస్టల్ నుంచి వస్తూ ఒక చిన్న గుడ్డసంచీ తెచ్చాడు. విప్పితే అన్నీ పాచికలే. నాలుగు ముఖాలది, ఆరు ముఖాలది, ఎనిమిది, పది, పన్నెండు, ఆఖరికి ఇరవై ముఖాలది కూడా. మా అత్తయ్య చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. "ఏటర్రా, శకుని మావలాగ పాచికలట్టుకొచ్చేసినారు ఇంట్లోకి?"

జూదం కాదని ఆవిడకి నచ్చజెప్పడానికి ఒక పూట పట్టింది. డబ్బుల ఊసే లేదు. ఆ ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు మొదలుపెట్టారు. మావాళ్ళు ఆడేది 2014లో వచ్చిన ఐదో కూర్పు. ఒకరు కథ నడిపిస్తారు, మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుంటారు. "గుహలో మొసలి ఉంది, ఏం చేస్తారు?" అని కథ చెప్పేవాడు అడుగుతాడు. ఏం చేస్తామో వీళ్ళు చెబుతారు. అది జరుగుతుందో లేదో తేలనప్పుడు ఇరవై ముఖాల పాచిక వేస్తారు. పాత్రకున్న బలమో తెలివో దానికి కలుపుతారు. సులువైన పనికి పది రావాలి, మధ్యస్థానికి పదిహేను, కష్టమైనదానికి ఇరవై. అంతే సంగతి. చిన్నప్పుడు మనం అరుగు మీద ఆడుకున్న "నువ్వు రాజువి, నేను మంత్రిని" ఆటకి లెక్కలు చేర్చారన్నమాట.

నాకు ముచ్చటేసింది వాళ్ళు ఎంచుకున్న కథ చూసి. డ్రాగన్లు, కోటలు వదిలేసి పాతాళ భైరవి ఆడదామన్నాడు మా పెద్దాడు. 1951 నాటి సినిమా. దానికి కథా మాటలూ పాటలూ రాసిన పింగళి నాగేంద్రరావు గారు పుట్టింది మన రాజాంలోనే. రాజాం 2022 నుంచి విజయనగరం జిల్లాలోకి వెళ్ళింది గానీ, మాకింకా మన ఊరే.

కానీ మొదటి రోజు ఆట గంటలోపే చెడింది. మేనల్లుళ్ళలో ఒకడు తోటరాముడు, ఇంకొకడు అంజి. తొమ్మిదో తరగతి చదివే మా చిన్నది "మరి నేనో?" అంది.

"నువ్వు ఇందుమతివి."

"ఆవిడేం చేస్తుంది?"

"మాంత్రికుడు ఎత్తుకుపోతాడు కదా. మేం వచ్చేదాకా ఆగుతుంది."

అది కాసేపు ఆగింది. తర్వాత ఫోన్ పట్టుకుని మేడ మీదకి పోయింది.

పిలిచి సర్దిచెప్పబోయాను గానీ నోరు రాలేదు. వాడన్నది అబద్ధమూ కాదు, అదన్నది తప్పూ కాదు. ఆ రాత్రి వంటిల్లు కడుక్కుంటూ ఇదే ఆలోచించాను. తప్పు కథలో ఉందా, ఆటలో ఉందా? రెంటిలోనూ కాదనిపించింది. ఒకదాన్ని ఇంకొకదానిలోకి మార్చిన తీరులో ఉంది.

మర్నాడు వాడి నోటుపుస్తకం తీసి చూశాను. నేపాళ మాంత్రికుడికి ప్రాణం ఇన్ని పాయింట్లు, కత్తివేటుకి ఇన్ని తగ్గుతాయి అని రాసుకున్నాడు. ఆ ఆట పద్ధతి అది. అక్కడ శక్తి మనిషిలో పెరుగుతుంది. ఒకటో మెట్టున మొదలుపెట్టి, శత్రువుల్ని గెలుస్తూ గెలుస్తూ ఇరవయ్యో మెట్టు దాకా ఎక్కుతారు. కోరింది జరిపించే మంత్రం ఒకటుంది, అది పదిహేడో మెట్టు ఎక్కిన మాంత్రికుడికి గానీ చేతికి రాదు.

మన కథల్లో అలా ఉండదు చూడండి. తోటమాలి కొడుకు చేతికి ఒక్కసారిగా కోరికలు తీర్చే బొమ్మ వచ్చేస్తుంది. మేడలు లేస్తాయి. తర్వాత ఆ బొమ్మ పోతుంది, దాంతో మేడా పోతుంది, పెళ్ళాడవలసిన పిల్లా పోతుంది. మళ్ళీ మామూలు తోటరాముడే మిగులుతాడు. మన జానపదంలో శక్తి మనిషిలో ఉండదు, వస్తువులో ఉంటుంది. లేదా ఒక రహస్యంలో ఉంటుంది. వస్తువు చేతులు మారుతుంది, రహస్యం బయటపడుతుంది. అక్కడ గెలవడమంటే ఎక్కువ నరకడం కాదు, ఎక్కడుందో కనిపెట్టడం.

ఈ మాట నేను సగం సగం చెబుతుంటే చిక్కుడుకాయలు ఒలుస్తున్న మా అత్తయ్య అందుకున్నారు. ఆవిడ ఊరి సంబరాల్లో రాత్రంతా జముకుల కథలు విని పెరిగిన మనిషి. "మాయల ఫకీరు కత్తికి సచ్చినాడేటి? ఆడి పేణం సిలకలో ఉంది గదా. ఆ సంగతి కనుక్కున్నదెవులు? బాలనాగమ్మే గదా!"

నాకు ముడి విడిపోయింది. బాలనాగమ్మ చెరలో ఊరికే కూర్చోలేదు. నోము పేరు చెప్పి ఫకీరుని ఏళ్ళ తరబడి దూరంగా నిలబెట్టింది. కొడుకు బాలవర్ధి వచ్చాక ఫకీరుని మాటల్లో పెట్టి ప్రాణరహస్యం రాబట్టింది. ఆ మాట చేరకపోతే బాలవర్ధి ఎంత వీరుడైనా ఏం లాభం? ఏడు సముద్రాలూ దాటి ఏ చెట్టెక్కుతాడు?

అందుకే నా అభిప్రాయం ఇది. మన కథని ఈ ఆటలోకి తెచ్చేటప్పుడు పేర్లు మారిస్తే సరిపోదు, లెక్కపెట్టే కొలత మార్చాలి. కత్తినే కొలతగా పెట్టుకుంటే చెరలో ఉన్న ఆడదాని పని సున్నా. రహస్యం రాబట్టడాన్ని కొలతగా పెట్టుకుంటే, ఆటలో అందరికన్నా కష్టమైన చోట కూర్చున్నది ఆవిడే. శత్రువు ఇంట్లో, ఒంటరిగా, చేతిలో ఆయుధం లేకుండా.

ఇది నా పైత్యం కాదు, పైవాళ్ళూ ఇలాంటి పనే చేశారు. టోల్కీన్ రాసిన లార్డ్ ఆఫ్ ద రింగ్స్ లోకాన్ని ఇదే ఐదో కూర్పులోకి తెస్తూ 2016లో ఒక పుస్తకం వచ్చింది. మామూలు ఆటలో మంత్రాలు విసిరే పాత్రలు ఎన్నో ఉంటాయి. టోల్కీన్ లోకంలో మంత్రం అరుదు గనక ఆటగాళ్ళకి ఆ పాత్రలే లేకుండా చేశారు. దూరప్రయాణాలకీ, మనసుని కమ్ముకునే చీకటి నీడకీ కొత్తగా నియమాలు రాశారు. ఆ కథకి ఏది ముఖ్యమో దానికి లెక్క కట్టారు. మనమూ అదే చెయ్యాలి.

మా ఇంట్లో చేసిన మార్పులు మూడే. ఒకటి, మెట్లు ఎక్కడం లేదు. వస్తువులు దొరుకుతాయి, పోతాయి. రెండు, మాంత్రికుడికి ప్రాణం పాయింట్లు లేవు. అతని గుట్టు తెలిసేదాకా ఏ దెబ్బా తగలదు. సినిమాలోనూ అంతే కదా, అతని బలం గడ్డంలో ఉంది. మూడు, ఇందుమతి ఆటగత్తె. రాత్రికొకసారి మాంత్రికుడు వస్తాడు. తను ఒక్క ప్రశ్న వేయొచ్చు. పదిహేను దాటితే నిజం రాలుతుంది. దాటకపోతే అతని అనుమానం ఒకటి పెరుగుతుంది. అనుమానం అయిదైతే బొమ్మ ఇంకో చోటికి మార్చేస్తాడు. తెలిసినది బయటికి పంపాలంటే పూలమ్మే ముసలమ్మ ఉంది. ఆ ముసలమ్మ ఎవరో చెప్పక్కర్లేదు, చిక్కుడుకాయలు పక్కన పెట్టేసి ఆవిడే వచ్చి కూర్చున్నారు.

రెండో రోజు రాత్రి కరెంటు పోయింది. ఎమర్జెన్సీ లైటు పెట్టుకుని ఆడారు. అనుమానం నాలుగుకి చేరింది. చిన్నది పాచిక గుప్పెట్లో పట్టుకుని ఏం అడగాలా అని చాలాసేపు ఆలోచించింది. బయట గుర్రాల మీద సిద్ధంగా ఉన్న రాముడూ అంజీ ఊపిరి బిగబట్టారు. వాళ్ళు చేయగలిగింది ఏమీ లేదు. ఆగడం తప్ప.

దీనికి రెండు అభ్యంతరాలు వచ్చాయి. పాత క్లాసిక్‌ని మార్చడం ఏమిటని మావారన్నారు. పాతాళ భైరవే కాశీమజిలీ కథల్ని, అల్లావుద్దీన్ కథని తన తీరుకి మలుచుకుంది. మన కథలు చెప్పేవాళ్ళ నోట్లో ఎప్పుడూ మారుతూనే వచ్చాయి. పైగా నేను కొత్తగా పెట్టిందేమీ లేదు. బాలనాగమ్మ దగ్గరున్నదే ఇందుమతికి ఇచ్చాను.

రెండోది మా పెద్దాడిది. "ఆటలో ఆడా మగా తేడా లేదమ్మా, దాన్ని కత్తి పట్టుకోమను, యోధురాలవుతుంది" అన్నాడు. పట్టుకోనీ, నాకు సంతోషమే. కానీ అదొక్కటే దారి అంటే, కత్తి పట్టినవాళ్ళే లెక్కలోకి వస్తారని మళ్ళీ ఒప్పుకున్నట్టే. ఎవరి కోపం ఎప్పుడు చల్లారుతుందో కనిపెట్టి, ఏ మాట ఎప్పుడు అడగాలో తూకం వేసి, ఇల్లు నిలబెట్టుకొచ్చిన ఆడవాళ్ళు మన అందరి ఇళ్ళలోనూ ఉన్నారు. ఆ నేర్పుకి కూడా పాచిక వేసి అంకె కలపొచ్చని మా పిల్లలకి తెలియడం నాకు ముఖ్యం. దానికి మార్కులుంటాయని చిన్నదానికి తెలియాలి, దాని మీదే తాము బతికామని మగపిల్లలకి తెలియాలి.

మీ ఇంట్లో కూడా ఈ సెలవులకి పిల్లలు ఇలాంటి ఆటేదో ఆడితే, పాచికలని చూసి కంగారు పడకండి. పక్కన కూర్చుని, మీకు తెలిసిన కథ ఒకటి ఇవ్వండి. ఆట మొదలయ్యేముందు ఒక్క ప్రశ్న అడగండి: ఈ కథలో ఎవరు ఊరికే ఆగుతున్నారు? వాళ్ళ చేతికి కూడా ఒక పాచిక ఇవ్వమనండి.

అన్నట్టు, ఆ రాత్రి మా చిన్నదానికి పదిహేడు పడింది.