గేటు దగ్గరి గుంత



గత వర్షాకాలములో మా ఇంటికి వచ్చిన ఒక పెద్దమ్మ గేటు దాటగానే పడిపోయింది. రోడ్డు నుండి మా వాకిలి వరకు ఉన్న డాంబరు బాటలో గుంత పడి నీళ్లు నిండినందున ఆమెకు లోతు తెలియలేదు. మణికట్టు విరిగి, ఆరు వారాలు కూలికి పోలేకపోయింది. "పోనీలే అయ్యగారూ" అన్నది గాని, ఆ మాట మాకు ఇంకా గుచ్చుకొంటూనే ఉన్నది. ఎందుకనగా రెండేండ్ల క్రితము ఆ గుంత ఒక సన్నని పగులు మాత్రమే. "రేపు చూద్దాము" అనుకొంటూ రోజూ దానిమీదుగా నడిచినవారము మేమే.

బండ్ల బరువుకే డాంబరు చెడిపోతుందని మేము అనుకొనేవారము. అసలు శత్రువు నీళ్లు. ఎండకు డాంబరు పెళుసుబారి పగులుతుంది. ఆ పగులులోనుండి వాన నీరు దిగి అడుగు మట్టిని మెత్తబరుస్తుంది. అప్పుడు పైన చక్రము పడితే బాట కుంగుతుంది. మన కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతములలో నల్లరేగడి ఉన్నచోట ఇది మరీ ఎక్కువ. ఆ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విడుస్తుంది.

కాబట్టి పని ఎండాకాలములోనే, మృగశిర కార్తెకు ముందే ముగించవలెను. సన్నని పగులులోని గడ్డిని వేళ్లతో సహా పీకి, దుమ్ము ఊడ్చి, చల్లగా వాడే తారు ఎమల్షన్ పోసి, పైన పొడి ఇసుక చల్లితే చాలును.

గుంత పడితే వదులు ముక్కలన్నీ తీసివేయండి. గట్టి భాగము వచ్చేవరకు అంచులను ఉలితో నిలువుగా చెక్కండి. అడుగున మెత్తని మట్టి ఉంటే తవ్వితీసి మొరము, కంకర వేసి దిమ్మిసతో కొట్టండి. తర్వాత ఎమల్షన్ పూయండి. అది గోధుమ రంగు పోయి నల్లబడేవరకు ఆగవలెను. సంచులలో దొరికే చల్లని తారు మిశ్రమమును రెండేసి అంగుళముల చొప్పున వేస్తూ, ప్రతి వరుసను గట్టిగా కొట్టండి. చివరకు బాటకంటె అర అంగుళము ఎత్తుగా ఉంచితే బండ్లు నడిచినకొద్దీ సమమవుతుంది.

ఇంటిలో పొయ్యిమీద తారు కాచవద్దు. పొరపాటున వేడి తారు ఒంటిమీద పడితే దానిని పీకకండి. ఇరువది నిమిషములు చల్లని నీళ్లు పోసి ఆసుపత్రికి తీసుకొనిపోండి.

బాగుచేసిన తర్వాత కూడ కొంత జాగ్రత్త కావలెను. నీరు నిలువక మోరీలోకి పోవుటకు పది అడుగులకు రెండు అంగుళములకు తక్కువ కాకుండ వాలు ఉండవలెను. ట్రాక్టరు నుండి కారిన డీజిలు తారును కరిగిస్తుంది గనుక వెంటనే ఇసుక చల్లి ఎత్తి, సబ్బు నీళ్లతో కడగండి. ఎండ వేళ మోటారు సైకిలు స్టాండు క్రింద చెక్కముక్క పెట్టండి. లేనియెడల స్టాండు దిగబడి చిన్న గుంట పడుతుంది, అందులో మళ్లీ నీరు చేరుతుంది.

ఈ వేసవిలో మేము ఇద్దరు యౌవనస్థులతో కలిసి ఆ గుంతను పూడ్చాము. ఒక పూట పట్టింది. ఒక్క పూట పనిని మేము రెండేండ్లు వాయిదా వేశాము. దాని ఖర్చు మాత్రము ఆ పెద్దమ్మ భరించింది. ఈ సాయంత్రము మీ గేటు వరకు ఒకసారి తలవంచి నడిచి చూడండి.