పొరుగు పోటీలే ప్రపంచకప్‌కు మెట్లు

బురైమి (ఒమన్): కంచెకు ఇటు బురైమి, అటు అల్ ఐన్. ఒకే ఒయాసిస్‌లో పుట్టిన ఊళ్లు. ఒకప్పుడు జనం స్వేచ్ఛగా తిరిగినవే. ఇప్పుడు దాటాలంటే చెక్‌పోస్టులో ఆగాల్సిందే. ఒమన్, యూఏఈ మధ్య ఫుట్‌బాల్ మ్యాచ్ అంటే ఇక్కడ పక్కింటివాళ్లతో పోటీ. 2025 అక్టోబరు 11న దోహాలో జరిగిన ప్రపంచకప్ అర్హత మ్యాచ్‌లో మొదట ఆధిక్యంలో ఉన్న ఒమన్, చివరకు 1-2తో యూఏఈ చేతిలో ఓడింది. మూడు రోజులకు యూఏఈపై ఖతార్ గెలవడంతో ఒమన్‌కు మిగిలిన ఆశా ఆవిరైంది.

ప్రపంచకప్‌ను 48 జట్లకు పెంచి, ఆసియాకు నేరుగా 8 బెర్తులు ఇచ్చినా ఒమన్‌కు చోటు దక్కలేదు. మరి గల్ఫ్ కప్ లాంటి ఇరుగుపొరుగు టోర్నీలతో లాభమేంటి? క్యాలెండర్ కిక్కిరిసిన ఈ రోజుల్లో అవి అవసరమా? జవాబు ఈ ఆట చరిత్రలోనే ఉంది.

సరిహద్దు దగ్గరే పుట్టిన ఆట

తొలి అధికారిక అంతర్జాతీయ మ్యాచ్ 1872 నవంబరు 30న గ్లాస్గోలోని ఓ క్రికెట్ మైదానంలో స్కాట్లండ్, ఇంగ్లండ్ మధ్య జరిగింది. స్కాట్లండ్ తరఫున ఆడిన 11 మందీ క్వీన్స్ పార్క్ క్లబ్ వారే. స్కోరు 0-0. అప్పట్లో నిబంధనలు అన్నిచోట్లా ఒకేలా ఉండేవి కావు. 1882లో ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఐర్లండ్ సంఘాలు కూర్చుని ఉమ్మడి నిబంధనలకు ఒప్పుకున్నాయి. 1883-84లో ఆ నాలుగు జట్ల మధ్యే తొలి అంతర్జాతీయ టోర్నీ మొదలైంది. ఫిఫా పుట్టింది 1904లో. 13 జట్లతో తొలి ప్రపంచకప్ జరిగింది 1930లో. అంటే ముందు పొరుగువారు, తర్వాతే ప్రపంచం.

ఒమన్ ఎక్కిన మెట్లు

గల్ఫ్ కప్ 1970లో బహ్రెయిన్‌లో 4 జట్లతో మొదలైంది. ఒమన్ 1974లో చేరింది. 2004, 2007 ఫైనల్స్‌లో ఓడి, 2009లో మస్కట్‌లో కప్పు గెలిచింది. 2018 జనవరిలో ఫైనల్లో యూఏఈనే పెనాల్టీల్లో ఓడించింది. ఈ పోటీలు లేకుంటే ప్రపంచకప్ గుమ్మం దాకా రాగల జట్టు తయారయ్యేదా? లోపం పొరుగు టోర్నీలో లేదు. ఆఖరి మెట్టు ఇంకా మిగిలి ఉంది.

మనకూ అదే పాఠం. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి భారత్ స్వర్ణం గెలిచింది. 1962లో జకార్తాలో మళ్లీ గెలిచింది. రెండుసార్లూ కోచ్ హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం. ఆ తర్వాత ఆసియాలో మన జట్టు వెనకబడిపోయింది. 2025 సెప్టెంబరులో మధ్య ఆసియా దేశాల టోర్నీకి అతిథిగా వెళ్లి, మూడో స్థానం కోసం ఒమన్‌నే పెనాల్టీల్లో ఓడించడం చిన్న ఊరట.

బురైమి క్లబ్ అల్ నహ్దా 2022-23లో ఒమన్ లీగ్ విజేత. ఇక్కడ పెరిగే మన పిల్లలు యూరప్ క్లబ్బుల జెర్సీలు వేసుకుంటారు. తప్పులేదు. ఓ సాయంత్రం వాళ్లను పక్క మైదానానికీ తీసుకెళ్దాం. ప్రపంచకప్ దారి అక్కడి నుంచే మొదలవుతుంది.