6జీ పరిశోధనలో మన వాటా ఎక్కడ పెట్టాలి?

జనరల్ స్టడీస్ పేపర్-3: సైన్స్ అండ్ టెక్నాలజీ, మౌలిక వసతులు

6జీ గురించి మన నోట్సుల్లో మొదటి వాక్యం దాదాపు ఒకేలా ఉంటుంది: 5జీ కంటే ఎన్నో రెట్లు వేగం. అలా మొదలుపెడితే తప్పులేదు. అక్కడే ఆగిపోతే మాత్రం మన దేశానికి సంబంధించిన అసలు చర్చ జారిపోతుంది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. తక్కువ ఖర్చుతో, తక్కువ కరెంటుతో, ఎక్కువ దూరం సిగ్నల్ పంపడమే 6జీలో మనకు అన్నిటికంటే కష్టమైన పరిశోధన సమస్య. నిధులు, పరిశోధకుల సమయం ముందు దానికే వెళ్లాలి.

నేపథ్యం

మన దేశంలో 5జీ సేవలు 2022 అక్టోబర్ 1న మొదలయ్యాయి. అంతకు రెండు నెలల ముందే, అంటే 2022 జులైలో, 4జీ అందని 24,680 గ్రామాలకు ఆ సేవలు చేర్చేందుకు కేంద్ర మంత్రివర్గం రూ.26,316 కోట్ల ప్రాజెక్టును ఆమోదించింది. ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూడండి. కొత్త తరం నగరంలో అడుగుపెట్టే వేళకు పాత తరం ఇంకా కొండ ఎక్కుతూనే ఉంది.

2023 మార్చిలో 'భారత్ 6జీ విజన్' పత్రం, జులైలో 'భారత్ 6జీ అలయన్స్' వచ్చాయి. అదే ఏడాది నవంబర్‌లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ (ఐటీయూ) 'ఐఎంటీ-2030' చట్రాన్ని ఆమోదించింది. ఇందులో ఆరు వినియోగ సందర్భాలున్నాయి. మూడు 5జీకి కొనసాగింపు. మిగతా మూడు కొత్తవి: అన్నిచోట్లా అనుసంధానం, కృత్రిమ మేధతో కలిసిన కమ్యూనికేషన్, సెన్సింగ్‌తో కలిసిన కమ్యూనికేషన్.

మొదటి సవాలు: భౌతికశాస్త్రం

ఎక్కువ వేగం కావాలంటే ఎక్కువ బ్యాండ్‌విడ్త్ కావాలి. అది ఖాళీగా దొరికేది పై ఫ్రీక్వెన్సీల్లో. అందుకే 100 గిగాహెర్ట్జ్ దాటిన సబ్-టెరాహెర్ట్జ్ బ్యాండ్లపై ప్రపంచమంతా పరిశోధన చేస్తోంది. కానీ యాంటెన్నా గెయిన్ మారనంతవరకు, సిగ్నల్ నష్టం ఫ్రీక్వెన్సీ వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. 700 మెగాహెర్ట్జ్ నుంచి 140 గిగాహెర్ట్జ్‌కు వెళ్తే ఫ్రీక్వెన్సీ 200 రెట్లు, నష్టం 40,000 రెట్లు. దీన్ని పూడ్చడానికి వందల యాంటెన్నాలతో సన్నని కిరణంలా సిగ్నల్ పంపాలి. మనిషి పక్కకు తిరిగినా, మధ్యలో గోడ వచ్చినా ఆ కిరణం తెగిపోతుంది. దానికి తోడు గాలిలోని నీటి ఆవిరి, వర్షపు చినుకులు ఈ తరంగాలను పీల్చుకుంటాయి. ఉక్కపోతతో ఉండే మన కోస్తాకు, నాలుగు నెలల వానాకాలానికి ఇది చిన్న విషయం కాదు.

మధ్యేమార్గంగా 7 నుంచి 15 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోని కొన్ని బ్యాండ్లను 2027 ప్రపంచ రేడియో సదస్సు కోసం అధ్యయనం చేస్తున్నారు. అక్కడ ఇప్పటికే ఉపగ్రహ, రక్షణ సేవలున్నాయి. కాబట్టి స్పెక్ట్రమ్ పంచుకోవడం కూడా పరిశోధన సమస్యే.

రెండో సవాలు: దూరం

ఇక్కడ మనకు గర్వపడదగిన ఉదాహరణ ఒకటుంది. 5జీ ప్రమాణాల సమయంలో గ్రామీణ పరీక్షకు టవర్ల మధ్య దూరం 1,732 మీటర్లుగా తీసుకున్నారు. మన పంచాయతీ కేంద్రంలో ఒక టవర్ ఉంటే చుట్టుపక్కల ఊళ్లకు అదే దిక్కు. అందుకే భారత్ 6 కిలోమీటర్ల దూరంతో 'తక్కువ చలనం, పెద్ద సెల్' అనే పరీక్షను ఐటీయూ ప్రమాణాల్లో చేర్పించింది. లెక్క వేయండి: దూరం సుమారు మూడున్నర రెట్లు పెరిగితే, అదే విస్తీర్ణానికి కావాల్సిన టవర్లు దాదాపు 12వ వంతుకు తగ్గుతాయి. దీని వెనక ఐఐటీ మద్రాస్, సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్ వంటి సంస్థల కృషి ఉంది.

అయితే ఈ కథలో హెచ్చరిక కూడా ఉంది. దీనిపై రూపొందిన '5జీఐ'కి ఐటీయూ గుర్తింపు వచ్చినా, ప్రత్యేక ప్రమాణంగా అది నిలవలేదు. వేరే ప్రమాణమంటే ఫోన్లు, పరికరాల ఖరీదు పెరుగుతుందన్న ఆందోళన వచ్చింది. చివరకు దాన్ని 3జీపీపీ ప్రపంచ ప్రమాణంలో కలిపేశారు. మంచి ఆలోచన ఉండటం ఒక్కటే చాలదు. ప్రమాణం రాసే బల్ల దగ్గర మొదటి రోజు నుంచీ కూర్చోవాలి. 6జీకి ఆ బల్ల ఇప్పుడే పరిచారు.

మూడో సవాలు: కరెంటు

మొబైల్ నెట్‌వర్క్ వాడే విద్యుత్‌లో ఎక్కువ భాగం బేస్ స్టేషన్లదే. యాంటెన్నాలు పెరిగేకొద్దీ బిల్లు పెరుగుతుంది. పై ఫ్రీక్వెన్సీల్లో పవర్ యాంప్లిఫయర్ల సామర్థ్యం పడిపోయి, కరెంటు వేడిగా పోతుంది. సరఫరా నిలకడగా లేని ఊళ్లో టవర్ డీజిల్ మీద నడుస్తుంది. రద్దీ లేనప్పుడు టవర్‌ను నిద్రపుచ్చే పద్ధతులు, సౌరశక్తితో నడిచే చిన్న బేస్ స్టేషన్లు మన పరిశోధనాంశాలు కావాలి.

నాలుగో సవాలు: గోప్యత

6జీ సిగ్నల్ రాడార్‌లా కూడా పనిచేస్తుంది. తిరిగి వచ్చే తరంగాన్ని బట్టి మనిషి కదలికను పసిగట్టగలదు. అంటే జేబులో ఫోన్ లేని మనిషి కూడా నెట్‌వర్క్‌కు కనిపిస్తాడు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో సమ్మతి కీలకం. ఏ సేవకూ చందాదారు కాని బాటసారి నుంచి సమ్మతి ఎవరు, ఎలా తీసుకుంటారు? 2017 పుట్టస్వామి తీర్పులోని చట్టబద్ధత, అవసరం, అనుపాతం అనే కొలమానాలను పరికరం తయారయ్యాక కాకుండా డిజైన్ దశలోనే వర్తింపజేయాలి.

ఎదురు వాదన

'టెరాహెర్ట్జ్‌ను వదిలేస్తే చిప్‌ల విషయంలో మళ్లీ దిగుమతులే కదా' అని అడగవచ్చు. సరైన ప్రశ్నే. పైగా 5 మిల్లీమీటర్ల తరంగాలతో 1890లలోనే కలకత్తాలో ప్రయోగాలు చేసిన జగదీశ్ చంద్రబోస్ దేశం మనది. వదిలేయమని నేను అనడం లేదు, వరుస మార్చమంటున్నాను. టెరాహెర్ట్జ్ పరికరాల పని ప్రయోగశాలల్లో దీర్ఘకాలిక నిధులతో సాగాలి. 2030 నాటికి ప్రజలకు అందాల్సిన ఫలితం మాత్రం దూరం, ఖర్చు, విద్యుత్ విషయాల్లో రావాలి. వేగంపై పెద్ద దేశాలు ఎలాగూ పని చేస్తాయి. మన పంచాయతీ సమస్యను మన తరఫున ఎవరూ పరిష్కరించరు.

ముందున్న దారి

మన పరిశోధన వ్యయం జీడీపీలో 0.64 శాతమే (2020-21). కాబట్టి ఎంపిక తప్పదు. టెలికాం టెక్నాలజీ అభివృద్ధి నిధి, అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ నిధుల్లో గ్రామీణ కవరేజీకి స్పష్టమైన వాటా పెట్టాలి. ప్రమాణాల సమావేశాలకు వెళ్లే యువ ఇంజనీర్ల ప్రయాణ ఖర్చును ప్రభుత్వం భరించాలి. టెస్ట్‌బెడ్‌లు క్యాంపస్‌లకే పరిమితం కాకుండా ఏజెన్సీ ప్రాంతాల్లోనూ ఉండాలి. పేటెంట్ల సంఖ్యతో పాటు, అందులో ఎన్ని ప్రమాణాల్లోకి చేరాయో ఏటా ప్రకటించాలి.

అలా చేస్తే 6జీ వచ్చిన రోజున మరో 'అందని గ్రామాల ప్రాజెక్టు' ప్రకటించాల్సిన అవసరం తగ్గుతుంది.

అభ్యాస ప్రశ్న: 'తదుపరి తరం వైర్‌లెస్ నెట్‌వర్క్‌ల పరిశోధనలో భారత్ ప్రాధాన్యాలు అభివృద్ధి చెందిన దేశాల ప్రాధాన్యాలకు భిన్నంగా ఉండాలి.' ఉదాహరణలతో చర్చించండి. (250 పదాలు, 15 మార్కులు)