మేడ తాళంచెవి, ఒక్క గంట

మిత్రులారా, వార్డెన్ సార్ కూడా చదువుతారని తెలిసే ఇది రాస్తున్నాను.

మొన్న మెస్‌లో నేను కృష్ణబిలం సంగతి చెబుతుంటే మా గది మిత్రుడొకడు "తాగే నీళ్లకు ట్యాంకర్ కోసం కాచుకునేవాళ్లం, యాడో చుక్క చస్తే మనకేమిరా?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. రాత్రి పడుకున్నాక కోపమొచ్చింది.

కృష్ణబిలం ఎప్పుడూ మింగుతూ ఉండదు. దగ్గర్లో ఏమీ లేకుంటే మా నల్లమలలో కొండచిలువ మాదిరి కదలకుండా పడి ఉంటుంది. ఉందని కూడా తెలియదు. ఎప్పుడో ఒక నక్షత్రం మరీ దగ్గరికి పోతుంది. ఇవతలి వైపును ఎక్కువగా, అవతలి వైపును తక్కువగా లాగేసరికి అది సాగి సాగి దారమైపోతుంది. దాదాపు సగం బయటికి ఎగిరిపోతుంది. మిగతాది బిలం చుట్టూ పళ్లెంలా తిరుగుతూ లక్షల డిగ్రీలు వేడెక్కి ఎక్స్-కిరణాలు చిమ్ముతుంది. ఆసుపత్రిలో ఎముకల ఫోటో తీసే కిరణాలే ఇవి.

వాటిని మన గాలి కిందికి రానివ్వదు. (రానిస్తే మనమే ఉండం, అది వేరే సంగతి.) అందుకే దూరదర్శినిని పైకి పంపాలి. మామూలు అద్దం పెడితే ఈ కిరణాలు అందులోకి దూరిపోతాయి. చెరువులో పలకరాయిని ఏటవాలుగా విసిరితే మునక్కుండా ఎగురుకుంటూ పోతుంది గదా, అట్లా రాసుకుని పోయేటట్టు బంగారు పూత వేసిన సన్నని రేకులు ఒకదానిలో ఒకటి అమరుస్తారు. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి పోయిన మన ఆస్ట్రోశాట్‌లో అలాంటిది ఉంది.

21 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఒక నక్షత్రం చీలిపోవడం 2019లో కనిపించింది. దానికి ఏటీ2019క్యూఐజెడ్ అని పేరు పెట్టారు. అంతటితో వదిలేయలేదు. 2023 డిసెంబరులో అమెరికావాళ్ల చంద్ర దూరదర్శిని మళ్లీ అదే చోటు చూసింది. ఎక్స్-కిరణాలు ఎగసి తగ్గుతున్నాయి. మరికొన్ని దూరదర్శినులూ చూశాయి, వాటిలో మన ఆస్ట్రోశాట్ ఒకటి. సుమారు 48 గంటలకొకసారి మంట లేస్తోందని తేలింది. చచ్చిన నక్షత్రం పళ్లెంలో నుంచి ఇంకేదో ఒకటి, నక్షత్రమో చిన్న కృష్ణబిలమో, మాటిమాటికీ దూసుకుపోతోందని 2024లో ప్రకటించారు. నాలుగేళ్ల తర్వాత తిరిగి చూడకపోతే ఇది దొరికేదా?

ఇక నా మిత్రుడి మాట. ఆస్ట్రోశాట్‌కు దాదాపు 178 కోట్లు అయ్యాయట. మా గూడేనికి బోరు కావాలని అడగడం తప్పు కాదు, రోజూ అడగాల్సిందే. కానీ బోరు వెయ్యనివాళ్లు ఎవరూ ఆస్ట్రోశాట్ వల్లే వెయ్యలేదని మాకు చెప్పలేదు. ఈ రెంటికీ పోటీ పెట్టింది మనమే. కరువు సీమ పిల్లలు మబ్బు కోసం తప్ప ఆకాశం వైపు చూడకూడదా?

ఇంకో సంగతి మనలో చాలామందికి తెలియదు. రాకెట్ కేంద్రం రాకముందు శ్రీహరికోట దీవిలో యానాదులు ఉండేవాళ్లు. వాళ్లను అక్కడినుంచి తరలించారు. ఆ లెక్కన ఆ దూరదర్శినిలో గిరిజనుల వాటా కూడా ఉందని నేనంటాను.

సార్, మా మనవి చిన్నది. మేడ మెట్లకు తాళం ఉంది. పిట్టగోడ పొట్టిది, మీ భయం నిజమే. మేము మధ్యలోనే కూర్చుంటాం, పదో తరగతి అన్నలు కాపలా ఉంటారు. డిసెంబరులో చంద్రుడు లేని ఒక శనివారం రాత్రి, తొమ్మిది నుంచి పది దాకా. కర్నూలు, కడప జిల్లాల్లో మబ్బు పట్టదని ఏడుస్తాం గదా, చుక్కలు చూసేదానికి అదే మంచిది. తూర్పున మూడు చుక్కల గొల్లకావడి లేస్తుంది. దానికి కాస్త పైన, కుడివైపు ఉంటుంది ఆ చోటు. కంటికి ఏమీ కనిపించదు, నల్లగా ఉంటుంది. ఆ నలుపే చూపించాలి వీళ్లకు.

కింద సంతకాలున్నాయి చూడండి. మొదటిది మెస్‌లో నవ్వించినవాడిదే. దుప్పటి మాత్రం నన్నే తెమ్మన్నాడు.

— 9వ తరగతి విద్యార్థి