కల్లం కాడే కొలుచుకుపోయే సాఫ్ట్‌వేర్

పోయిన నెల ఒకటో తారీఖు, పొద్దున ఆరున్నరకి ఫోను. మహబూబ్‌నగర్ నుంచి మా చిన్నమ్మ కొడుకు. "అన్నా, రాత్రి జీతం పడ్డది. పొద్దున లేచి చూస్తే ఖాతల ఏడొందల పది రూపాయలే ఉన్నయ్" అన్నాడు.

ఎవడో ఓటీపీ అడిగి ముంచాడనుకున్నాను. కాదు. వాడికి అప్పిచ్చిన కంపెనీయే తీసుకుంది. ఫోన్లో యాప్ ద్వారా 12,000 తీసుకున్నాడు, నెలకి 4,300 చొప్పున మూడు వాయిదాలు. రెండు కట్టేశాడు, మిగిలింది ఒక్కటి. ఆ రాత్రి ఖాతాలోంచి పోయినవి మూడు 4,300లు! పైగా జీతం పడకముందు రోజు కూడా ఒకసారి లాగి చూశారట. డబ్బుల్లేక అది బౌన్స్ అయితే, బ్యాంకు 590 రూపాయలు చార్జీ వేసింది. అంటే ఖాతాలో డబ్బు లేనందుకు, ఆ లేని డబ్బులోంచే జరిమానా అన్నమాట :)

కంపెనీ కాల్ సెంటర్‌కి చేస్తే "మీ బ్యాంకుని అడగండి సర్" అన్నారు. బ్యాంకుకెళ్తే "కంపెనీ నుంచి లెటర్ తెండి, మాండేట్ ఆపుతాం" అన్నారు. వాడు తిరుగుతూనే ఉన్నాడు. వాడి సగం రోజు కూలీ కూడా పోయింది.

ఇంతకీ ఇది ఎలా సాధ్యం? అప్పు తీసుకునేటప్పుడు డెబిట్ కార్డుతోనో, నెట్ బ్యాంకింగ్‌తోనో ఒక ఈ-మాండేట్ ఒప్పిస్తారు. ఎన్‌పీసీఐ నడిపే నాచ్ అనే వ్యవస్థలో అది నమోదవుతుంది. ఆ తర్వాత డబ్బు పంపేది మనం కాదు, లాగేది వాళ్ళు. కంపెనీ తన బ్యాంకు ద్వారా ఒక ఫైలు పంపుతుంది. మన బ్యాంకు ఏం చూస్తుంది? మాండేట్ నంబరు సరిగ్గా ఉందా, గడువుందా, అడిగిన మొత్తం పరిమితిలోపు ఉందా, ఖాతాలో డబ్బుందా. అంతే. అసలు బాకీ ఉందా లేదా అని ఆ దారిలో ఎవ్వరూ అడగరు. మా తమ్ముడి మాండేట్ తీసి చూశాను. అప్పు మూడు నెలలది. మాండేట్ ఐదేళ్ళది, పరిమితి 50,000. సంతకం చేసినవాడికి ఆ సంగతి నేను చెప్పేదాకా తెలీదు.

ఇంకో తమాషా చూడండి. కార్డు మీద గానీ, యూపీఐ ఆటోపే మీద గానీ నెలనెలా సినిమాల చందా కట్టేవాళ్ళకి, డబ్బు తీసేముందు 24 గంటలు ముందుగా కబురు పెట్టాలి. రిజర్వు బ్యాంకు ఈ-మాండేట్ నిబంధన అది, 2021 అక్టోబరు 1 నుంచి గట్టిగా అమలైంది. ఆ నిబంధన పరిధిలో నాచ్ లేదు. సినిమాకిచ్చే రెండొందలకి కాపలా ఉంది, జీతం మొత్తం ఊడ్చుకుపోయే అప్పుకి లేదు. 2021 ఆగస్టు 1 నుంచి నాచ్ ఆదివారాలూ, పండగలూ కూడా పనిచేస్తోంది. జీతం సెలవు రోజున పడినా బాగుంటుందని సంతోషించాం. లాగేవాళ్ళకీ సెలవు లేదని గుర్తు రాలేదు.

మాది నల్లగొండ జిల్లా. మా తాత 'నాగు' గురించి చెప్పేవాడు. కరువు నెలల్లో దొర దగ్గర వడ్లు అప్పు తెచ్చుకుంటే, పంట కాలంలో ఒకటికి ఒకటిన్నర కొలిచివ్వాలి. అసలు బాధ వడ్డీ ఒక్కటే కాదు.. వడ్లు ఇంటికి చేరకముందే కల్లం కాడ దొర మనిషి నిలబడి కొలుచుకుపోయేవాడు. ఇంట్లో పిల్లలకి ఎన్ని మిగిలాయన్నది తర్వాత సంగతి. అటు పాలమూరు కూలీల కథా అదే: మేస్త్రి ముందే అడ్వాన్సు ఇస్తాడు, కూలీ చేతికి రాకముందే లెక్క తేల్చుకుంటాడు. ఎవడు ముందు కొలుచుకుంటాడన్నదే అసలు ప్రశ్న. మనం చేసిందల్లా ఆ దొర మనిషిని తీసేసి, అర్ధరాత్రి పన్నెండుకి లేచే ఒక జాబ్‌ని పెట్టడం.

2020 డిసెంబరు మర్చిపోయారా? యాప్ అప్పుల వేధింపులకి తెలంగాణలో ప్రాణాలు పోయాయి. వాళ్ళలో మనలాంటి సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కూడా ఉన్నాడు. హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు. ఏడు రోజుల అప్పుల లెక్క అప్పుడు బయటికొచ్చింది. ఉదాహరణకి 5,000 అప్పు అని రాసి, ఫీజుల కింద 1,500 కోసుకుని 3,500 చేతికిస్తారు, వారానికి 5,000 కట్టాలి. మన ఊరి లెక్కలో చెప్పాలంటే నెలకి నూటికి 184 రూపాయల వడ్డీ. నూటికి మూడు రూపాయలు తీసుకునే షావుకారిని జలగ అంటాం మనం!

ఆ తర్వాత రిజర్వు బ్యాంకు కమిటీ వేసింది. 2021 నవంబరులో వచ్చిన ఆ నివేదిక, సుమారు 1,100 అప్పుల యాప్‌లు కనపడితే 600 అక్రమమైనవని చెప్పింది. 2022 సెప్టెంబరు 2 మార్గదర్శకాల్లో వార్షిక వడ్డీ ఎంతో ముందే చూపాలనీ, ఫోన్లోని కాంటాక్టుల జోలికి పోకూడదనీ అన్నారు. మంచివే. కానీ లాగడం మీద పగ్గం ఏది?

ఇంగ్లండులో ఈ పగ్గం 2014 జులై నుంచే ఉంది. జీతం మీద అప్పిచ్చే కంపెనీ ఖాతాలోంచి లాగబోయి రెండుసార్లు విఫలమైతే, ఇక అలా లాగకూడదు. చేతికందినంత గుంజుకునే పాక్షిక డెబిట్లు కూడా కుదరవు. 2015 జనవరి నుంచి వడ్డీ, ఫీజులు అన్నీ కలిపినా అసలుని మించకూడదు. ఈ రెండో సూత్రం మనకి కొత్తా? మైక్రోఫైనాన్స్ గొడవల తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన చట్టంలో వడ్డీ అసలుని దాటకూడదని రాసే ఉంది.

"అప్పు చేసినోడు కట్టాలి కదా బాసూ" అంటారు. కట్టాలి. మాండేట్ రద్దు చేస్తే బాకీ రద్దవదు, వాయిదా బౌన్స్ అయితే 2007 పేమెంట్ చట్టం 25వ సెక్షను కింద కేసు కూడా పెట్టొచ్చు. నేనడిగేది ఎగ్గొట్టే హక్కు కాదు. ఈ నెల అద్దె ముందా, వాయిదా ముందా అని తన డబ్బు గురించి తానే తేల్చుకునే హక్కు.

ఇక మన సంగతి. ఈ కోడ్ రాసేది ఎవరు? మాదాపూర్‌లో కూర్చుని మనమే. "జీతం పడే రోజు పసిగట్టి రీట్రై" అన్న రిక్వైర్‌మెంట్ వస్తే, వసూలు శాతం పెరిగిందని డెమోలో చప్పట్లు కొట్టించుకుంటాం. మాండేట్ పరిమితి వాయిదాతో సమానంగా పెట్టడం, అప్పు తీరగానే మాండేట్ రద్దు చేయడం, రెండుసార్లు విఫలమైతే ఆగడం, ఒకరోజు ముందు మెసేజ్ పంపడం.. ఒక్క స్ప్రింట్ పని. ఎవరూ అడగలేదు గనక చేయలేదు. అడగాల్సింది ఆ గదిలో కూర్చున్న మనం.

ఈలోగా మీ ఊళ్ళో వాళ్ళకి ఇది చెప్పండి. మాండేట్ రద్దు చేయమని మీ బ్యాంకుకే రాసివ్వండి, ముద్ర వేసిన కాపీ తీసుకోండి. కంపెనీ దయ అక్కర్లేదు. యూపీఐ ఆటోపే అయితే యాప్‌లోనే రద్దు చేసుకోవచ్చు. మీరు ఒప్పుకోని డెబిట్ కనపడితే మూడు పనిదినాల్లోపు బ్యాంకుకి ఫిర్యాదు చేయండి, ఆలస్యమైతే నష్టం మీ మీద పడొచ్చు. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు. దొంగ యాప్ అయితే 1930కి ఫోన్ చేయండి.

మా తమ్ముడికి రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టాక, ఎక్కువ తీసిన 8,600 మూడు వారాలకి వెనక్కొచ్చింది. 590 రాలేదు. ఆ మూడు వారాలు ఇల్లు గడవడానికి నేను డబ్బు పంపాను. సాఫ్ట్‌వేర్‌లో అన్న లేనివాడు ఏం చేస్తాడు? ఇంకో యాప్ తెరుస్తాడు.