గృహనిర్వహణము: రౌటరు ఏ గదిలో నుండవలెను?

గత మాసమున ధాన్యమునకు పురుగు పట్టకుండ గుమ్ములను సిద్ధపరచుకొను విధమును గూర్చి ముచ్చటించితిమి. ఈ మాసమున గుమ్మికంటె మిగుల చిన్నదియు, నేడు గుమ్మివలెనే ఇంటింట అవసరమైనదియు నగు నొక వస్తువును గూర్చి వ్రాయుదుము. అది వైఫై రౌటరు. సామాన్యమైన రౌటరు వెల వేయి మొదలు పదునైదువందల రూపాయలు. దానికి రెండు కొమ్ములు, నాలుగైదు మినుకు దీపములు. ఇంత చిన్న వస్తువు ఇంటిలో నెక్కడ నుండవలెనో నిర్ణయించుట పురుషుల పనియనియు, కేబులు కుర్రవాడు మేకు కొట్టినదే దాని స్థానమనియు మన గృహిణులు పెక్కుమంది తలంచుచున్నారు. అది పొరపాటని మా యభిప్రాయము. నీళ్ల బిందె లెక్కడ నుండవలెనో, పోపులపెట్టె యెక్కడ నుండవలెనో నిర్ణయించు గృహిణియే దీనిని కూడ నిర్ణయింపవలెను. ఏలయన, అది యున్న చోటును బట్టియే ఆ యింట ఎవరికి మాట సాగునో, ఎవరికి సాగదో తేలుచున్నది.

ఇది మేము మా బీర్కూరులో, మా వీధిలోనే కన్నులార చూచిన సంగతి.

మంజీర చెంతనున్న మా గ్రామమునుండియు, చుట్టుపట్ల పల్లెలనుండియు గల్ఫు దేశములకు జీవనార్థమై పోయినవారు అనేకులు. మా పొరుగింటి యబ్బాయి కువైటులో డ్రైవరు. ఇంట తల్లి, భార్య, ఏడేండ్ల పాప యున్నారు. అతడు పని ముగించుకొని గదికి చేరునప్పటికి అచ్చట రాత్రి ఎనిమిది గంటలు. మన గడియారమునకు పదిన్నర. ఇల్లు తాతలనాటిది. ముందు వసార, నడుమ దేవుని అర్ర, దాని వెనుక వంటయిల్లు, వంటయింటి ప్రక్కన కోడలి గది. గోడలు మూరెడు మందపు మట్టిగోడలు. రెండేండ్ల క్రిందట కనెక్షను పెట్టించినప్పుడు రౌటరును వసారలో టీవీ పైన బిగించి పోయిరి. ఆ వసారలోనే అత్తగారి మంచము. కోడలి గదిలో ఫోనున నొక్క గీతయే కనబడును. తలుపు వేసినచో అదియు పోవును.

ఒకనాటి రాత్రి ఆ పిల్ల మా వాకిట నిలిచి, "అక్కా, మీ వెనుక అరుగుమీద కూర్చుండి పది నిమిషములు మాటలాడుకొందునా?" యని యడిగెను. "ఏమమ్మా, మీ యింట నెట్టు లేదా?" యంటిమి. "ఉన్నది అక్కా. కాని అది అత్తమ్మ మంచము దగ్గర నున్నది" అనెను.

ఆ మాట మమ్ము చాల దినములు వదలలేదు. రెండేండ్లుగ ఆమె భర్తతో పలికిన ప్రతి మాటయు అత్తగారి తలాపున నిలిచి పలికినదే. అత్తగారు చెడ్డది కాదు. ఎవరును ఎవరిని కట్టడి చేయలేదు. మేకు కొట్టిన చోటు అట్లు చేసినది, అంతే.

ఇంతకును రౌటరు చేయు పని యేమి? మన ప్రాంతపు స్త్రీలకు కాలువను గూర్చి చెప్పిన సులభముగ తెలియును. 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగరు ప్రాజెక్టు నీటితో మన పొలములు పండుచున్నవి. కాలువ తలనున్న మడికి నీరు పుష్కలము. తోకనున్న మడి రైతు రాత్రులు మేలుకొని కాచుకొనవలెను. బయటినుండి గాజుతీగలో వచ్చు ఇంటర్నెట్టు పెద్దకాలువ వంటిది. రౌటరు తూము వంటిది. తూమును ఇంటి మొగసాలలో పెట్టితిమేని వంటయిల్లు తోకమడి యగును. కంపెనీవానికి నెలనెల ఎంత యెక్కువ చెల్లించినను తోకమడి తడియదు, తూమును జరుపవలసినదే.

అయితే ఇచ్చట పారునది నీరు గాదు, తరంగములు. తీగ లేకుండ తరంగములు గోడలను దాటునని 1895లో కలకత్తా టౌన్‌హాలులో జగదీశ చంద్ర బోసుగారు గంట మ్రోయించి, తుపాకిమందు పేల్చి ప్రజలకు చూపిరి. వైఫై తరంగములు ఆ జాతివే. సామాన్యపు రౌటరు 2.4 గిగాహెర్ట్జ్ తరంగములను వెదజల్లును. వాని నిడివి సుమారు ఐదంగుళములు. రేడియో పెట్టెకు పోస్టాఫీసులో లైసెన్సు తీసికొనిన దినములు మన పెద్దలు ఎరుగుదురు. ఈ తరంగములకు ఇండ్లలో లైసెన్సు అక్కరలేదని 2005లో భారత ప్రభుత్వము నియమము చేసినది. ఈ తరంగములు పలుచని గోడను సులభముగ దాటును. మందపు మట్టిగోడలో సగము ఇంకిపోవును. ఇనుప బీరువాకు తగిలి వెనుకకు మరలును. నీటిచే పీల్చబడును, కావున నిండిన నీళ్లగోళెము ప్రక్కన రౌటరు పెట్టరాదు. మైక్రోవేవు పొయ్యి కూడ ఇవే తరంగములతో పని చేయును గనుక, అది తిరుగుచున్నంతసేపు దాని దాపున వైఫై తడబడును.

కొనుటను గూర్చి రెండు మాటలు చాలును. అట్టపెట్టెపై 300 అనియో, 1200 అనియో పెద్ద యక్షరములతో నుండును. అది పెట్టె శక్తి. మీ యింటికి వచ్చునది మీరు నెలకు డబ్బు చెల్లించు ప్లానులోని వేగమే. 40 మెగాబిట్ల ప్లానునకు 5000 రూపాయల రౌటరు కొనుట, చిన్న పిలకాలువకు పెద్ద గేటు కట్టించుటయే. వీడియోలో మాటలాడుటకు ఒకటి రెండు మెగాబిట్లు సాఫీగ వచ్చిన చాలును. ఎక్కువ వెల రౌటర్లలో 5 గిగాహెర్ట్జ్ తరంగము కూడ నుండును. దాని వేగ మెక్కువయే గాని, గోడలు దాటు శక్తి తక్కువ. మట్టిగోడల యిండ్లలో చవుక రౌటరే నయము.

కరెంటు ఖర్చునకు వెరవ నక్కరలేదు. ఎనిమిది వాట్ల రౌటరు రాత్రింబవళ్లు వెలిగినను నెలకు ఆరు యూనిట్లకు మించదు. కరెంటు పోయినప్పుడు ఆగకుండుటకై చిన్న బ్యాటరీ పెట్టెలు వేయి రెండువేల రూపాయలలో దొరకుచున్నవి. రాత్రివేళ ఫోనుకై కాచుకొనువారికి అది వ్యర్థపు ఖర్చు గాదు.

ఇక స్థానము. ఇంటికి నడుమ, ఆరడుగుల యెత్తున, నలువైపుల తెరపి యుండునట్లు పెట్టవలెను. కొమ్ములను నిట్టనిలువుగ నుంచినచో తరంగములు ప్రక్కలకు బాగుగ వ్యాపించును. అందముగ నుండునని కుట్టుపని చేసిన గుడ్డ కప్పుట కొన్ని యిండ్ల చూచితిమి. లోపల వేడి యెక్కి పెట్టె చెడును. పెట్టిన పిదప ఫోను చేత బట్టుకొని గది గదికి తిరిగి, తలుపు వేసి, మాటలాడి చూడవలెను. పరీక్షింపవలసినది వసారలో కాదు, ఇంటిలో కడపటి గదిలో.

మా పొరుగింట ఈ ప్రస్తావన తెచ్చినది మేమే. గాజుతీగ వసారలోని పెట్టెవరకు వచ్చియున్నది. గాజుతీగను మనము త్రుంచరాదు, మడువరాదు. కాని ఆ పెట్టెనుండి రౌటరునకు పోవు మామూలు తీగను నూరు మీటర్లవరకు సాగదీయవచ్చును. కావలసినది పదునైదు మీటర్లు. దానికి నాలుగువందల రూపాయల లోపే యగునని చెప్పితిమి. అత్తగారు మొదట, "నడియింట పెట్టిన ఆ తరంగములు పాపకు మంచివి కావట గదా?" యనిరి. రౌటరు వెదజల్లు శక్తి వాటులో పదవవంతు మాత్రమే యనియు, ఎక్స్-రే కిరణములవలె దేహములోని యణువులను ఛేదించు గుణము దానికి లేదనియు, చెవికి ఆనించుకొను ఫోనుకంటె అది ఎంతో దూరముననే యుండుననియు చెప్పితిమి. ఆమె కొంతసేపు ఊరకుండి, అసలు మాట అనిరి: "నా యెదుట మాటలాడరానిది వాండ్లకు ఏమున్నది?"

మేము బదులు చెప్పలేదు. కోడలు తల వంచుకొని బియ్యము ఏరుచుండెను. ఆమెయే మరల మెల్లగ చెప్పసాగిరి. "మీ మామ దుబాయి పోయినప్పుడు నాకు చదువు రాదు. ఉత్తరము వచ్చిన పోస్టుమ్యాను ఈ వసారలోనే నిలబడి చదివెడివాడు. మా అత్తమ్మ, ఆడుబిడ్డలు, ఇరుగుపొరుగువారు అందరు వినెడివారు. ఆయనకును అది తెలుసును గనుక, అందరు క్షేమమా, వడ్లు ఎన్ని పండినవి, ఇంతే వ్రాసెడివాడు. ఐదేండ్లలో నాకని వ్రాసిన మాట ఒక్కటియు లేదు." పిదప కోడలివైపు తిరిగి, "తీగ తెప్పించు బిడ్డా" యనిరి.

మరునాడే రౌటరు దేవుని అర్రలో గూటిపైకి మారెను. కొలిచి చూడగా వసారలో 30 మెగాబిట్లు, కోడలి గదిలో తలుపు వేసినను 18 వచ్చినవి. అంతకు పూర్వము ఆ గదిలో రెండు వచ్చుటయే కష్టము.

స్థానము తరువాత తాళము. పాస్‌వర్డులు రెండు గలవు. ఒకటి ఫోనును వైఫైకి కలుపునది. రెండవది రౌటరు లోపలి యేర్పాటులను తెరచునది. రౌటరు అడుగున అంటించిన చీటిపై 192.168.0.1 అనియో 192.168.1.1 అనియో అంకె లుండును. వైఫైకి కలిపిన ఫోనులో ఇంటర్నెట్టు తెరచు చోట ఆ యంకెలను కొట్టిన లోపలి తలుపు కనబడును. బిగించినవాడు పెట్టి పోయిన రెండు పాస్‌వర్డులను ఆ దినముననే మార్చవలెను. రక్షణ యను చోట డబ్ల్యు.పి.ఎ.2 గాని 3 గాని యెంచుకొని, డబ్ల్యు.పి.ఎస్. అనుదానిని ఆపవలెను. పాప పేరు, పుట్టిన సంవత్సరము, ఫోను నంబరు పాస్‌వర్డుగ పెట్టరాదు. ఒకదానితో నొకటి సంబంధము లేని నాలుగు తెలుగు మాటలను ఆంగ్లాక్షరములలో కలిపి వ్రాసిన, గుర్తుండును, ఇతరులకు దొరకదు. వచ్చిపోవువారి కొరకు అతిథుల వైఫై యను వేరు యేర్పాటు చాల రౌటర్లలో నున్నది, దానిని వాడుకొనుడు.

ఆ పాస్‌వర్డులను కాగితముపై వ్రాసి, రేషను కార్డుండు పెట్టెలో భద్రపరచుడు. ఇంటి స్త్రీలందరికి ఆ సంగతి తెలిసి యుండవలెను. ఇందుకు కారణము గలదు. 2019-21 సంవత్సరముల జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఎన్నడైన ఇంటర్నెట్టు వాడినవారు పురుషులలో నూటికి 57 మంది, స్త్రీలలో 33 మంది యని తేలినది. ఇంటిలో రౌటరున్నంత మాత్రమున ఈ భేదము పోదు. తాళపుచెవి ఎవరి కొంగున నున్నదో చూడవలెను.

నెట్టు ఆగినప్పుడు మగవారు వచ్చువరకు చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కరలేదు. గాజుతీగ పెట్టెపై ఎల్.ఓ.ఎస్. అను దీపము ఎఱ్ఱగ వెలిగిన, లోపము బయటి తీగలో నున్నది. కనెక్షను ఇచ్చినవానికి ఫోను చేయవలెను. ఎఱుపు లేనిచో రెండు పెట్టెలను ఆపి, ఒక నిమిషము తాళి, మరల వెలిగించి, మూడు నిమిషములు ఓపిక పట్టుడు. చాలసార్లు అంతటితో సరిపోవును.

ఒక హెచ్చరిక. ఇంటిలోనికి మాట వచ్చు దారినే మోసము కూడ వచ్చును. కంపెనీనుండి మాటలాడుచున్నామని పాస్‌వర్డు గాని, బ్యాంకు ఓ.టి.పి. గాని యడిగినవారికి చెప్పకుడు. డబ్బు పోయినచో సిగ్గుపడి దాచక, ఆ క్షణముననే 1930 అను నంబరునకు ఫోను చేయుడు. ఆలస్యమైనకొలది సొమ్ము మరల దొరకుట కష్టము.

మన రాష్ట్రమున మిషన్ భగీరథ నీటిగొట్టములకై త్రవ్విన కందకములలోనే ప్రభుత్వపు టీ-ఫైబరు సంస్థ గాజుతీగలను పరచినది. 2024 డిసెంబరు 8వ తేదీన సంగుపేట, మద్దూరు, అడవి శ్రీరాంపూరు గ్రామములలో ఇండ్లకు కనెక్షనులిచ్చుట ప్రయోగాత్మకముగ మొదలైనది. నీరును మాటయు ఒకే కందకమున వచ్చుట సంతోషకరమే. కాని ఎవరి తీగ వచ్చినను అది గుమ్మమువరకే వచ్చును. గుమ్మము దాటిన పిదప పంచిపెట్టవలసినది మనమే.

ఇప్పుడు రాత్రి పదిన్నరకు మా పొరుగింట వసారలో దీపము ఆరియుండును, అత్తగారు నిదురపోవుచుందురు. వెనుక గదిలో తలుపు వేసి యుండును. ఆ పిల్ల మా యరుగుమీదికి మరల రాలేదు.

సోదరీమణులారా, ఈ పత్రికను ప్రక్కన బెట్టి యొకసారి లేచి, మీ యింట రౌటరు ఎక్కడ నున్నదో, దాని మాట చేరని గది యెవరిదో చూచి రండు.