ఆర్టికల్ 15లో రోడ్డు కూడా ఉంది

“రోడ్ల మీద స్పీడు లిమిట్ గురించి రాస్తావా? అంబేడ్కరైట్లకు వేరే పనే లేదా?” అని మొన్న ఒక మిత్రుడు అడిగాడు. కార్లున్నవాళ్ల గొడవ మనకెందుకన్నది ఆయన ఉద్దేశం. ఆయన్ని ఒకసారి మా భిలాయికి రమ్మన్నాను.

రాత్రి పది గంటలకు స్టీల్ ప్లాంటు షిఫ్టు మారుతుంది. టిఫిన్ డబ్బాలు హ్యాండిల్‌కి తగిలించుకుని సైకిళ్ల మీద వచ్చేవాళ్లలో ఎక్కువమంది కాంట్రాక్టు కార్మికులే. క్యాంప్ వైపు ఇళ్లకు చేరాలంటే ముంబయి–కోల్‌కతా జాతీయ రహదారిని దాటాలి. ఇక్కడ దాన్ని జీఈ రోడ్డంటారు. సుపేలాలో, పవర్‌హౌస్‌లో ఫ్లైఓవర్లు లేచాయి. ఊరితో పనిలేని బండ్లు పైనుంచి పోతాయి. కింద మిగిలిన రోడ్డు మీద ఆటోలు, లారీలు, సైకిళ్లు, నడిచేవాళ్లు ఎవరి ప్రాణం వాళ్లు చూసుకోవాలి. బతకడానికి చాలినంత వేతనం అడిగిన కార్మికుల మీద 1992 జూలై 1న కాల్పులు జరిగిన రైల్వేస్టేషన్ ఆ పక్కనే ఉంది.

జొనాథన్ ప్యారీ ‘క్లాసెస్ ఆఫ్ లేబర్’ చదివినవాళ్లకు ఈ ఊళ్లో ‘నౌకరీ’ ఉన్నవాళ్లకీ ‘కామ్’ చేసేవాళ్లకీ మధ్య గీత ఎంత లోతో తెలుసు. ప్లాంటు పర్మినెంట్ ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఉంది. కాంట్రాక్టు పనిలో లేదు. ఉద్యోగాలు తగ్గి కాంట్రాక్టు పెరిగేకొద్దీ మనవాళ్లు ఏ వైపు మిగిలారో వేరే చెప్పాలా? టౌన్‌షిప్ క్వార్టర్స్‌లో ఉండేవాడు చెట్ల నీడన స్కూటర్ మీద డ్యూటీకి వెళ్తాడు. కాంట్రాక్టు కూలీ హైవే దాటుతాడు.

రోడ్డు మనకు కొత్త విషయం కాదు. అయ్యంకాళి 1893లో ఎడ్లబండి ఎక్కింది రోడ్డు హక్కు కోసమే. 1924లో వైకోం పోరాటం గుడి చుట్టూ ఉన్న రోడ్ల కోసం. రాజ్యాంగం 15(2)లో బావులు, చెరువులు, స్నానఘట్టాలతోపాటు రోడ్లు అన్న మాట కూడా ఉంది, ఊరికే రాలేదు. నాడు కులం పేరు చెప్పి ఆపారు. నేడు ఆ మాట ఎవరూ అనరు. బండ్లు ఆగకుండా వస్తుంటాయి, నడిచే మనిషి అంచున నిలబడిపోతాడు, అంతే.

కేంద్రం 2018 ఏప్రిల్‌లో వేగపరిమితులు పెంచింది. మున్సిపల్ పరిధిలో కారుకు 70 కిలోమీటర్లు, మోటార్‌సైకిల్‌కు 60. మనుషులూ బండ్లూ కలిసి తిరిగే చోట 30 దాటకూడదని 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్ ప్రకటన చెప్పింది. ముప్ఫైలో వచ్చే కారు కంటే డెబ్భైలో వచ్చే కారు తాకిడి శక్తి అయిదు రెట్లకు పైనే. ఇది హైస్కూలు ఫిజిక్స్. అయినా మనిషి చనిపోతే “డివైడర్ దూకాడు” అంటారు. దాటడానికి చోటెక్కడుందో చెప్పరు.

ఒక అభ్యంతరాన్ని మాత్రం నేను తేలిగ్గా తీసుకోను. లిమిట్ తగ్గిస్తే పోలీసు చేతికి ఇంకో చలానా పుస్తకం ఇచ్చినట్టే, దొరికేది మళ్లీ ఆటో డ్రైవరూ డెలివరీ కుర్రాడే అని. నిజమే. డెలివరీ కుర్రాడి వేగం వాడిది కాదు, పది నిమిషాల్లో సరుకు తెస్తానని మాటిచ్చిన కంపెనీది. అందుకే నేను అడిగేది కెమెరాలూ చలానాలూ కాదు. రోడ్డే బండిని నెమ్మదింపజేయాలి: లేన్లు సన్నబడాలి, దాటే చోట రోడ్డు ఫుట్‌పాత్ ఎత్తుకు లేవాలి, సైకిలుకు విడిగా దారి ఉండాలి. డిజైన్ లోపంతో మనిషి చనిపోతే కాంట్రాక్టరుకూ అధికారులకూ లక్ష దాకా జరిమానా వేయమని మోటారు వాహనాల చట్టం 198ఏ సెక్షన్ చెబుతోంది. మనిషి ప్రాణానికి లక్షేనా అన్నది వేరే గొడవ. ముందు అదైనా వాడాలి కదా. స్థానికంగా పరిమితి తగ్గించే అధికారం 112వ సెక్షన్ కింద రాయ్‌పూర్‌లోని ప్రభుత్వానికి ఉంది. సుపేలా నుంచి ఖుర్సీపార్ దాకా ఫ్లైఓవర్ల కింది రోడ్లకు 30 చాలు.

2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. వారిలో 32,825 మంది పాదచారులు. ఆ నివేదికలో వయసుంది, ఆడా మగా ఉంది, ఏ బండి మీద ఉన్నారో ఉంది. కులం లేదు. జైళ్ల నివేదికలో మాత్రం ఖైదీల కులం లెక్క ఏటా అచ్చవుతుంది. జైల్లో ఉన్నప్పుడు లెక్కకొచ్చే కులం రోడ్డు మీద చస్తే ఎందుకు రాదో రాజ్యమే చెప్పాలి. అది చెప్పేదాకా మనం ఊరుకోనక్కర్లేదు. పరిశోధన చేస్తున్న మిత్రులెవరైనా దుర్గ్ జిల్లా ఎఫ్ఐఆర్‌లతో మొదలుపెట్టొచ్చు. చనిపోయినవాళ్లు ఏ బస్తీ వాళ్లో, ఏ షిఫ్టు నుంచి ఇంటికి వెళ్తున్నారో ముందు అది రాసుకోండి.